పన్ను పోయిన చోట

పన్ను పీకించుకున్న మనిషి నాలుక రోజంతా ఆ ఖాళీ దగ్గరికే పోతుంటుంది. మాట్లాడుతున్నా, పేపరు చదువుతున్నా, నిద్రపట్టక పక్కమీద దొర్లుతున్నా నాలుక కొన ఒకసారి అక్కడికి వెళ్ళి తడిమి వస్తుంది. మొదటి వారం మెత్తని గుంట తగులుతుంది. నెల తిరిగేసరికి చిగురు మూసుకుని నున్నబడుతుంది. మూడు నెలలకి ఆ చోటు కాస్త లోపలికి దిగినట్టు అనిపిస్తుంది. అది అద్దంలో కనిపించని పన్నయితే ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. కానీ భోజనం దగ్గర దాగదు. సాంబారులో ములక్కాడ ముక్క తనకు తెలియకుండానే రెండో వైపు దవడకి మారిపోతుంది. ఆవకాయలో టెంక ఉన్న ముక్క కంచం అంచున మిగిలిపోతుంది. జంతికని కొరకడం మానేసి, చేత్తో విరిచి నానబెట్టుకున్నట్టు చప్పరించడం అలవాటవుతుంది. చాలామందికి ఇలా ముందు పోయేది ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి దవడపన్ను. పాలపళ్ళ వెనకాల చడీచప్పుడూ లేకుండా వస్తుంది కాబట్టి అదీ ఊడి మళ్ళీ వచ్చేదేనని తల్లిదండ్రులు అనుకుంటారు. పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరి కొత్తదాని కోసం ఎదురుచూడొచ్చు. ఈ పన్ను వెనక వచ్చేది మరొకటి లేదు. పిప్పి పట్టి, నొప్పి మాత్రలతో కొన్నేళ్ళు నెట్టుకొచ్చి, ముప్ఫై నలభై ఏళ్ళ మధ్య ఒకరోజు దాన్ని తీయించుకుంటారు. ఆ తర్వాత ఆ చోటుని ఏం చేయాలన్న ప్రశ్న మిగులుతుంది.

తెలుగులో ఈ పనికి ఉన్న మాట 'పళ్ళు కట్టించుకోవడం'. తాడుతో బిగించినా కట్టడమే, ఇల్లు లేపినా కట్టడమే. మనిషి నోట్లో ఈ రెండు రకాల కట్టడాలూ జరిగాయి. రెండున్నర వేల ఏళ్ళ కిందట ఇటలీలోని ఎట్రుస్కన్లు పక్క పళ్ళ చుట్టూ సన్నటి బంగారు రేకు చుట్టి, పోయిన పన్ను స్థానంలో మరొకదాన్ని దానికి బిగించేవారు. 1789లో అమెరికా మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి జార్జ్ వాషింగ్టన్ నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. ఆయన పెట్టుకున్నవి కొయ్య పళ్ళన్నది కట్టుకథ. నీటిగుర్రం దంతంతోనూ మనుషుల పళ్ళతోనూ చేసినవి అవి. 1815లో వాటర్లూ యుద్ధం ముగిశాక, చనిపోయిన సైనికుల నోళ్ళలోంచి పీకిన పళ్ళు కట్టుడు పళ్ళ వ్యాపారానికి వెళ్ళాయి. పన్ను లేని చోటు గురించి మనిషి ఇంత తపన ఎందుకు పడ్డాడు? తిండి కోసమా, ముఖం కోసమా? పసిపాపకీ గాంధీ తాతకీ బోసినవ్వు అందమే. అదే నలభై ఏళ్ళ మనిషికి ముందుపన్ను లేకపోతే నవ్వు వచ్చినప్పుడల్లా చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వస్తుంది. దవడపన్నుకి ఆ అవసరం లేదు. ముందుపన్ను లెక్క, దవడపన్ను లెక్క మొదటి నుంచీ వేరు. ఈ రెంటినీ కలిపి ఒకే ధరల పట్టిక చూపించే చోటే చాలామంది దారి తప్పుతారు.

అసలు ప్రతి ఖాళీనీ పూడ్చాల్సిందేనా? ఈ ప్రశ్న క్లినిక్‌లో తక్కువ వినబడుతుంది. వినబడాల్సిన ప్రశ్న ఇది. పెద్దవాళ్ళ నోట్లో జ్ఞానదంతాలు కలిపి 32 పళ్ళు, అవి తీసేస్తే 28. జ్ఞానదంతం పోతే దాన్ని ఎవరూ కట్టించుకోరు, అవసరమూ లేదు. దాని ముందున్న రెండో దవడపన్ను పోయినా, మిగతావన్నీ గట్టిగా ఉంటే చాలామందికి నమలడంలో పెద్ద తేడా తెలియదు. నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో కైజర్ అనే ఆచార్యుడు వెనక దవడపళ్ళు లేనివాళ్ళని పరిశీలించి, ఎదురెదురుగా సరిగ్గా కలిసే పళ్ళు ఇరవై ఉంటే మామూలు తిండికి సరిపోతుందని 1980ల మొదట్లో చెప్పాడు. 80 ఏళ్ళకి 20 పళ్ళు మిగలాలన్న ఉద్యమాన్ని జపాన్ 1989లో మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జీవితాంతం కనీసం 20 సొంత పళ్ళు నిలబెట్టుకోవడాన్నే లక్ష్యంగా చెప్పింది. కాబట్టి ఖాళీని ఖాళీగానే వదిలేయడం కూడా ఒక చికిత్స లాంటిదే. ఖర్చు లేదు, కోత లేదు, పక్క పన్నుకి అపకారం లేదు. పంటి ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనిషి, వెనక దవడలో ఒక్క పన్ను లేకుండా నలభై ఏళ్ళు హాయిగా బతకొచ్చు.

అయితే వదిలేయడానికీ ఒక మూల్యం ఉంది, అది మెల్లగా పడుతుంది. దవడ ఎముక మీద ఉండే గట్టు పన్ను వేరుని పట్టుకుని ఉండటానికి పెరిగినది. వేరు పోగానే దానికి పని పోతుంది. పీకించిన మొదటి ఏడాదిలోనే ఆ గట్టు వెడల్పు దాదాపు సగం తగ్గుతుంది. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే తగ్గిపోతుంది. వెనక పన్ను ఖాళీలోకి ఒరగవచ్చు. పైన ఎదురుగా ఉన్న పన్ను ఆనుకునే చోటు లేక కిందికి దిగవచ్చు. ఇవి ఎంతమందికి, ఎంత మేర జరుగుతాయి? 'పక్క పళ్ళన్నీ వంకర పోతాయి' అని భయపెట్టి చెప్పే మాట అందరి విషయంలో నిజం కాదు. దవడపన్ను పోయి అలాగే వదిలేసిన చాలామందిలో ఆ కదలిక ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటదు. పన్ను చిన్న వయసులో పోయినవాళ్ళలోనూ, చిగుళ్ళ జబ్బుతో పళ్ళు వదులైనవాళ్ళలోనూ ఎక్కువ కదులుతుంది. అందుకని దవడపన్ను దగ్గర తొందరపడి డబ్బు కట్టేయడం కన్నా, ఆరు నెలలకొకసారి చూపించుకుంటూ కొలత రాయించుకోవడం తెలివైన పని. కాకపోతే ఇంప్లాంట్, అంటే ఎముకలో స్క్రూ దించి దాని మీద కట్టే పన్ను, వేయించుకునే ఆలోచన ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఆగకూడదు. ఆగేకొద్దీ స్క్రూ దిగాల్సిన ఎముక తరిగిపోతుంది. తర్వాత దాన్ని నింపడానికి వేరే ఖర్చు అవుతుంది.

ఇక్కడే ఒక పాత నమ్మకం గురించి చెప్పుకోవాలి. పైవరస పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని తెలుగు ఊళ్ళలో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. పై పళ్ళకి వచ్చే నరం వేరు, చూపుకి సంబంధించిన నరం వేరు. పన్ను తీయడం వల్ల కన్ను పోదు. ఆ భయంతో చీముపట్టిన పన్నుని మూడేళ్ళు, నాలుగేళ్ళు నోట్లోనే ఉంచుకుంటే జరిగే నష్టం మాత్రం నిజమైనది. ఆ చీము చుట్టూ ఉన్న ఎముకని తినేస్తుంది. చివరికి పన్ను పీకించేసరికి అక్కడ ఎముక కాకుండా గొయ్యి మిగులుతుంది. బాధ మొదలైన రోజున రూట్ కెనాల్ చేసి క్యాపు వేస్తే ఆ పన్ను నిలిచేదే. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతుల్లో ఏదీ, ఎంత ఖరీదైనదైనా, వేరుతో నిలబడ్డ సొంత పన్నుకి సమానం కాదు. పీకమని చెప్పినప్పుడు 'దీన్ని నిలబెట్టే దారి ఏదైనా ఉందా' అని ఒక్కసారి అడగడం రోగి హక్కు.

ఖాళీని పూడ్చాలనుకున్నవాళ్ళకి అన్నిటికన్నా చవకైన దారి తీసి పెట్టుకునే పన్ను. చిగురు రంగు ప్లాస్టిక్ ముక్క మీద ఒక పన్ను, పక్క పళ్ళని పట్టుకోవడానికి రెండు తీగ కొక్కేలు. ఆ ప్లాస్టిక్ పేరు ఎక్రిలిక్. 1930ల చివర్లో ఇది వచ్చేదాకా గట్టిపరిచిన రబ్బరుతో చేసేవారు. కొలత ఇచ్చిన నాలుగైదు రోజుల్లో పన్ను చేతికి వస్తుంది. పక్క పన్నుని అరగదీయరు, ఎముకకి రంధ్రం పెట్టరు. రేపు ఇంకో పన్ను పోతే అదే ప్లేటుకి మరొకటి అతికించవచ్చు. ఇంప్లాంట్ వేయించుకుని మూడు నాలుగు నెలలు ఆగాల్సినవాళ్ళకి, ముందుపన్ను పోయి వారంలో పెళ్ళి ఉన్నవాళ్ళకి ఇది అక్కరకొచ్చే పన్ను. రాత్రి మంచం పక్కన స్టీలు గ్లాసులో నీళ్ళు, అందులో గులాబీరంగు ప్లేటు, దాని తీగల మీద చిన్న నీటి బుడగలు ఉంటాయి. ఈ దృశ్యం ఉన్న ఇంట్లో మనవలు ఆ గ్లాసుని ముట్టుకోవడానికి జంకుతారు. రాత్రి తీసి నీళ్ళలో ఉంచాల్సిందే, ఎందుకంటే రోజంతా ఒత్తుకున్న చిగురుకి గాలి తగలాలి, ప్లేటు ఎండితే వంకర పోతుంది. వేడినీళ్ళతో కడిగినా వంకరే.

ఈ పన్నుకి అసలు ఖర్చు చిగురు కడుతుంది. నమిలిన బరువంతా ఎముకలోకి కాక మెత్తటి చిగురు మీద పడుతుంది. ప్లేటు అంచు రోజూ రాసుకుని పక్క పన్ను చుట్టూ చిగురు కిందికి జారుతుంది. కొక్కెం పట్టిన పన్ను మీద పాచి చేరి పిప్పి పడుతుంది. కింద ఎముక తరగడం ఆగదు కాబట్టి ఒకటి రెండేళ్ళకి ప్లేటు వదులవుతుంది. ఒకే ఒక్క పన్నుకి చిన్న ప్లేటు చేయించుకున్నవాళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది. నిద్రలోనో, గబగబా మింగేటప్పుడో అది గొంతులోకి జారవచ్చు. ఎక్రిలిక్ ముక్క మామూలు ఎక్స్‌రేలో కనిపించదు కూడా. లోహపు చట్రంతో చేసినవి పలచగా, గట్టిగా, నోటిలో కుదురుగా ఉంటాయి. వంగే ప్లాస్టిక్‌తో చేసినవి చూడ్డానికి బాగుంటాయి, కానీ తర్వాత సరిచేయడం కష్టం. పళ్ళు చాలా పోయినవాళ్ళకి తీసి పెట్టుకునేదే సరైన దారి కావచ్చు. అయితే ఒక్క దవడపన్ను కోసం దీన్ని చేయించుకున్నవాళ్ళలో చాలామంది ఆరు నెలలకి దాన్ని అలమరలో పెట్టేస్తారు. ఇక పాత బస్టాండ్ల దగ్గర ఫుట్‌పాత్ మీద, అప్పటికప్పుడు ప్లాస్టిక్ పొడి కలిపి పక్క పళ్ళకి అతికించి 'ఫిక్స్‌డ్ పన్ను' కట్టేవాళ్ళ సంగతి ఒక్క మాటలో చెప్పాలి. ఆ ముద్ద కింద బ్రష్ దూరదు. పక్కనున్న మంచి పళ్ళు రెండూ దాని కిందే కుళ్ళిపోతాయి. కొన్ని వందల రూపాయలతో మొదలైన పని మూడు పళ్ళ ఖాళీతో తేలుతుంది.

రెండో దారి బ్రిడ్జి. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళని చుట్టూరా అరగదీసి, మూడు క్యాపులు కలిపి ఒకే ముక్కగా పోత పోసి సిమెంటుతో అతికిస్తారు. నడిమి క్యాపు కింద పన్ను ఉండదు, చిగురుని తాకీ తాకనట్టు నిలబడుతుంది. రెండు వారాల్లో పని అయిపోతుంది. తీసి పెట్టే బాధ లేదు, ములక్కాడ మళ్ళీ ఆ వైపుకి వస్తుంది. దశాబ్దాల అనుభవం ఉన్న పద్ధతి. పదేళ్ళ తర్వాత చూస్తే 100 బ్రిడ్జిల్లో 90 దాకా నోట్లోనే ఉంటాయి. మరి ఇబ్బంది ఏమిటి? అరగదీసేటప్పుడు కుర్చీ పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది. నీళ్ళ తుంపర మధ్య అరగదీసే డైమండ్ బర్ తిరుగుతుంటే, పావుగంటలో మంచి పన్ను చుట్టూ ఉన్న తెల్లటి ఎనామెల్ అంతా పోయి, చిన్న పసుపుపచ్చని మొద్దు మిగులుతుంది. పూర్తి క్యాపు కోసం పైకి కనిపించే పన్నులో మూడింట రెండు వంతుల దాకా పోతుంది. అలా పోయిన ఎనామెల్ తిరిగి రాదు. పక్కవాళ్ళు ఏ తప్పూ చేయకుండానే పోయిన పన్ను అప్పు తీర్చాల్సి వస్తుంది. అలా అరగదీసిన పళ్ళలో కొన్ని తర్వాతి ఏళ్ళలో నరం చచ్చి రూట్ కెనాల్‌కి వస్తాయి.

బ్రిడ్జిలో ఇంకో చిక్కు అది గట్టిగా పట్టుకుని ఉండటంలోనే ఉంది. ఒక కొసన సిమెంటు కరిగి వదులైనా, రెండో కొస పట్టుకుని ఉంటుంది కాబట్టి బ్రిడ్జి ఊడదు. మనిషికి తెలియదు. వదులైన క్యాపు కిందికి ఉమ్మి, అన్నం మెతుకు చేరి పన్ను లోపల్లోపలే కుళ్ళుతుంది. నోట్లో చెడు రుచి, ఆ వైపు వాసన మొదలయ్యేసరికి చాలాసార్లు ఆలస్యమవుతుంది. బ్రిడ్జి కింద మామూలు బ్రష్ చేరదు. సీసాలు కడిగే బ్రష్ ఆకారంలో ఉండే చిన్న బ్రష్‌నో, గట్టి కొస ఉన్న ఫ్లాస్ దారాన్నో రోజూ దూర్చి శుభ్రం చేసుకోవాలి. ఇవన్నీ ఉన్నా, అటూ ఇటూ ఉన్న పళ్ళకి ముందే రూట్ కెనాల్ అయి ఎలాగూ క్యాపులు కావాల్సి ఉంటే బ్రిడ్జిని మించింది లేదు. అప్పుడు పక్కవాళ్ళ దగ్గర కొత్తగా తీసుకునేదేమీ ఉండదు. ఆ పళ్ళు చెక్కుచెదరని మంచి పళ్ళయితే మాత్రం, ముప్ఫై ఏళ్ళ మనిషికి బ్రిడ్జి వేయడానికి బలమైన కారణం ఉండాలి.

ముందుపన్నుకి మూడో దారి ఒకటి ఉంది, దీని గురించి మన దగ్గర తక్కువగా చెబుతారు. పక్క పన్నుని దాదాపు అరగదీయకుండా, దాని వెనక భాగానికి పలచని రెక్క అతికించి, ఆ రెక్కకి పన్నుని వేలాడదీయడం. 1980 ప్రాంతాల్లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో ఈ పద్ధతిని మెరుగుపరచడంతో దీనికి మేరీల్యాండ్ బ్రిడ్జి అన్న పేరు స్థిరపడింది. రెండు పక్కలా రెండు రెక్కలు పెడితే ఇంకా గట్టిగా ఉంటుందని మొదట్లో అనుకున్నారు. తీరా చూస్తే ముందు పళ్ళలో ఒక్క రెక్కదే ఎక్కువ కాలం నిలిచింది. రెండు రెక్కల్లో ఒకటి వదులైతే దాని కింద రహస్యంగా పిప్పి పడుతుంది. ఒకే రెక్క అయితే ఊడి చేతిలోకి వస్తుంది, మళ్ళీ అతికించుకోవచ్చు. బైకు మీంచి పడి పదహారేళ్ళకే ముందుపన్ను పోగొట్టుకున్న కుర్రాడికి ఇది వరం లాంటిది, ఎందుకంటే దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ వేయకూడదు. వేస్తే పక్క పళ్ళు ఎదుగుదలతో పాటు కిందికి వస్తాయి, ఇంప్లాంట్ మాత్రం వేసిన చోటే ఆగిపోయి పొట్టిగా కనిపిస్తుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి మరో రెండు జాగ్రత్తలు కావాలి. ఫ్లోరోసిస్ పట్టిన ఎనామెల్‌కి జిగురు అంత బాగా పట్టదు. గోధుమరంగు చారలున్న పళ్ళ మధ్య ధవళంగా మెరిసే కొత్త పన్ను నిలబడితే, ఖాళీ కన్నా అదే ముందు కంటబడుతుంది. రంగు చూసేది పగటి వెలుతురులో చూడాలి, ల్యాబ్‌కి పక్క పళ్ళ ఫొటో పంపమనాలి.

ఇక ఇంప్లాంట్. దీని కథ కుందేలు కాలిలో మొదలైంది. స్వీడన్‌కి చెందిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని అమర్చాడు. పని అయ్యాక ఖరీదైన ఆ పరికరాన్ని తీసి మళ్ళీ వాడుకుందామంటే అది రాలేదు. ఎముక ఆ లోహాన్ని పరాయిదిగా తోసేయకుండా అంటుకుపోయింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే మనిషి కింది దవడలో ఆయన మొదటిసారి టైటానియం స్క్రూలు అమర్చాడు. పుట్టుకతోనే దవడ సరిగా లేక, పళ్ళు లేక నమలడానికీ మాట్లాడటానికీ ఇబ్బంది పడిన మనిషి లార్సన్. 2006లో చనిపోయేదాకా ఆ స్క్రూలు ఆయన నోట్లో పని చేస్తూనే ఉన్నాయి. ఈ పద్ధతిని దంతవైద్య లోకం గట్టిగా నమ్మడానికి 1982లో టొరంటోలో జరిగిన సమావేశం దాకా పట్టింది. ఇప్పుడు 100 ఇంప్లాంట్లు వేస్తే పదేళ్ళకి 95 దాకా ఎముకలో నిలిచి ఉంటాయి. స్క్రూ మీద కూర్చునే క్యాపు సంగతి వేరే. అది విరగవచ్చు, పెచ్చు లేవవచ్చు, లోపలి చిన్న స్క్రూ వదులవవచ్చు.

చేసే పని విన్నంత భయంకరం కాదు. పన్ను పీకేటప్పుడు వేసే మత్తు ఇంజెక్షనే సరిపోతుంది. ముందు స్కాన్ తీసి ఎముక ఎంత లోతు ఉందో, కింది దవడలో నరం ఎక్కడ నడుస్తోందో, పై దవడలో సైనస్ గది ఎంత కిందికి దిగిందో చూస్తారు. చల్లటి సెలైన్ పోస్తూ నెమ్మదిగా రంధ్రం చేస్తారు. ఎముక వేడి 47 డిగ్రీలకి చేరి ఒక నిమిషం పాటు ఉంటే అక్కడి కణాలు చచ్చిపోతాయి, స్క్రూ అంటుకోదు. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్దదైన ఆ స్క్రూ నాలుగు మిల్లీమీటర్ల లావు, పది మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మూడు నుంచి ఆరు నెలలు ఎముక దాన్ని పట్టుకోవాలి, తర్వాతే క్యాపు. 'మూడు రోజుల్లో పళ్ళు' అన్న బోర్డులు నగరాల్లో కనిపిస్తాయి. కొన్ని పరిస్థితుల్లో, ముఖ్యంగా చాలా ఇంప్లాంట్లు కలిపి కట్టేటప్పుడు, అది సాధ్యమే. ఒంటరి దవడపన్నుకి ఎముక తీసుకునే కాలాన్ని ఇవ్వడమే మేలు. దీని గొప్ప లాభం పక్క పళ్ళ జోలికి పోకపోవడం. నమిలిన బరువు నేరుగా ఎముకలోకి పోతుంది కాబట్టి గట్టు తరగడమూ తగ్గుతుంది. పిప్పి పట్టదు. మరి సొంత పన్నుకీ దీనికీ తేడా లేదా? ఉంది. సొంత పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు, సన్నటి నారపోగుల ఉయ్యాలలో వేలాడుతూ ఉంటుంది. అన్నంలో ఇసుక రేణువు పడితే ముద్ద మింగకముందే దవడ టక్కున ఆగిపోతుంది కదా, ఆ నారపోగులే చెబుతాయి ఆ సంగతి. ఇంప్లాంట్ దగ్గర ఆ ఉయ్యాల లేదు. రాయి పడిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే క్యాపు మీద పడే కాటు మిగతా పళ్ళ కన్నా ఒక వెంట్రుక తేలిగ్గా ఉండేలా చూస్తారు.

ఇంప్లాంట్ అందరికీ కాదు. పొగ తాగేవాళ్ళలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఉత్తరాంధ్ర పల్లెల్లో, శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్ట నిప్పుని నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి నోట్లో ముందు అంగుడి మీద తెల్లమచ్చ ఉందేమో పరీక్షించాలి, పన్ను సంగతి తర్వాత. మూడు నెలల షుగర్ పరీక్షలో అదుపు కనిపించనివాళ్ళకి గాయం సరిగ్గా మానదు, ముందు షుగర్ దారికి రావాలి. ఎముకలు పలచబడ్డాయని ఏడాదికొక ఇంజెక్షనో, వారానికొక మాత్రో వాడుతున్న పెద్దవాళ్ళు ఆ సంగతి పళ్ళ డాక్టరుకి చెప్పి తీరాలి. కొన్ని మందుల వల్ల దవడ ఎముక గాయం నెలల తరబడి మానకుండా పోయే ప్రమాదం ఉంది. అంతా బాగా జరిగినా, శుభ్రం లేని చోట ఇంప్లాంట్ చుట్టూ చిగురు వాచి ఎముక కరిగే జబ్బు వస్తుంది. ఇంప్లాంట్లు ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇది ఏదో ఒక మేర కనిపిస్తుంది. దీనికి నొప్పి పెద్దగా ఉండదు. బ్రష్ చేస్తే నెత్తురు రావడమే మొదటి గుర్తు. ఏడాదికి ఒకటి రెండుసార్లు క్లీనింగ్‌కి వెళ్ళే ఓపిక లేని మనిషికి, చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోగొట్టుకుని ఇప్పటికీ దాన్ని నయం చేయించుకోని మనిషికి ఇంప్లాంట్ వేయడం అతని డబ్బు పారబోయడమే.

ఇప్పుడు రూపాయల లెక్క. హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్ళలో మామూలు ప్రైవేటు క్లినిక్‌లో తీసి పెట్టుకునే ఒక్క పన్ను రెండు మూడు వేలలో అవుతుంది. లోహం మీద పింగాణీ వేసిన క్యాపు ఒక్కోటి 3,000 నుంచి 6,000, లోహం లేకుండా జిర్కోనియాతో చేసినదైతే 7,000 నుంచి 15,000. బ్రిడ్జికి దాన్ని మూడుతో హెచ్చించాలి. ఇంప్లాంట్ క్యాపుతో కలిపి 25,000 నుంచి 60,000 దాకా. నలభై అయిదేళ్ళ మనిషికి కింది దవడలో మొదటి దవడపన్ను పోయిందనుకుని డెబ్భై అయిదేళ్ళ దాకా లెక్క వేసి చూడొచ్చు. 15,000 బ్రిడ్జి పన్నెండేళ్ళు నిలిచిందనుకుంటే ముప్ఫై ఏళ్ళలో మూడుసార్లు, అంటే నేటి ధరల్లో 45,000. మధ్యలో పక్క పన్నుకి రూట్ కెనాల్ పడితే ఇంకో అయిదు వేలు. ఆ పన్నే పోతే మూడు క్యాపుల బ్రిడ్జి నాలుగో అయిదో క్యాపులది అవుతుంది. 40,000 ఇంప్లాంట్‌కి మధ్యలో ఒకసారి క్యాపు మార్చాల్సి వస్తే 50,000 చేరుతుంది. మొదటి రోజు దాదాపు మూడింతల దూరంలో కనిపించిన రెండు ధరలు ముప్ఫై ఏళ్ళలో ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడతాయి. అయితే ఈ లెక్కని అందరి మీదా రుద్దడం న్యాయమేనా? నెలకి పదిహేను వేలు తెచ్చుకునే ఇంట్లో నలభై వేలు ఒక్కసారి తీయడమంటే పిల్లల ఫీజు ఆపడం. ఆ ఇంటికి ముప్ఫై ఏళ్ళ లెక్క చెప్పి అప్పు చేయించడం తప్పు. డెబ్భై అయిదేళ్ళ మనిషికి లెక్క తిరగబడుతుంది. బ్రిడ్జి ఒక్కసారితో సరిపోతుంది, లేదా ఖాళీ ఖాళీగానే ఉన్నా ఏమీ కాదు. ఆకూ వక్కా చిన్న రోట్లో దంచి వేసుకుంటూ తృప్తిగా బతికిన పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది లేరు?

ఈ డబ్బు దాదాపు ఎప్పుడూ జేబులోంచే పోతుంది. మన దగ్గర చాలా ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరితే తప్ప పంటి ఖర్చు ఇవ్వవు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత కళాశాలలు తక్కువ ఖర్చుతో ఈ పని చేస్తాయి. ప్రైవేటు దంత కళాశాలల్లో కూడా క్లినిక్ కన్నా ఖర్చు బాగా తగ్గుతుంది. అక్కడ డబ్బుకి బదులు కాలం పెట్టాలి. విద్యార్థి చేసిన ప్రతి మెట్టునీ ఆచార్యుడు చూసి సరే అన్నాకే తర్వాతి మెట్టు, కాబట్టి రెండుసార్లతో అయ్యే పనికి ఆరుసార్లు తిరగాలి. రోజుకూలీ మనిషికి ఆ ఆరు రోజుల కూలీ కూడా ఖర్చు కిందే లెక్క. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ చిక్కు ఇంకో రకం. అక్కడ ఒక ఇంప్లాంట్, క్యాపుతో కలిపి 3,000 నుంచి 5,000 డాలర్ల దాకా అవుతుంది. పంటి బీమా ఏడాదికి ఇచ్చే మొత్తం సాధారణంగా రెండు వేల లోపే ఆగిపోతుంది. అందుకని డిసెంబరు సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు వేయించుకుందామనుకుంటారు. మూడు వారాల సెలవులో స్క్రూ పడుతుంది కానీ ఎముక అంటుకోదు. క్యాపుకి మళ్ళీ రావాలి. మధ్యలో ఏదైనా వదులైతే అక్కడి డాక్టరు దగ్గర ఆ కంపెనీ స్క్రూడ్రైవర్ ఉండకపోవచ్చు.

కుర్చీలో కూర్చోకముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చెప్పిన ధరలో స్కాన్ ఉందా, స్క్రూ మీద పెట్టే నడిమి ముక్క, క్యాపు ఉన్నాయా, తరిగిన ఎముకని నింపడానికి ఎముక పొడి పెట్టాల్సి వస్తే ఎంత, మొదటి ఏడాదిలో విఫలమైతే ఎవరు భరిస్తారు. 'లైఫ్‌టైమ్ గ్యారంటీ' అన్నది చాలావరకు లోపలి స్క్రూ ముక్కకే వర్తిస్తుంది. మళ్ళీ చేసే పనికీ, క్యాపుకీ అది ఉండదు. పక్క పళ్ళ ఎక్స్‌రే చూపించి 'వీటిని అరగదీయకుండా ఏం చేయొచ్చు' అని అడగాలి. ఏమీ చేయకపోతే ఏమవుతుందో కూడా అడగాలి. ఈ రెండు ప్రశ్నలకీ ఓపిగ్గా జవాబు చెప్పిన డాక్టరు దగ్గర ధర కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. ఇంప్లాంట్ వేయించుకున్నవాళ్ళకి కంపెనీ పేరు, స్క్రూ కొలత, బ్యాచ్ నంబరు ఉన్న చిన్న స్టిక్కరు గానీ కార్డు గానీ ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. స్ట్రామన్ కంపెనీ స్క్రూకి నోబెల్ కంపెనీ ముక్క సరిపోదు, కొరియా కంపెనీ ఆస్‌స్టెమ్ స్క్రూకి మరో కంపెనీ స్క్రూడ్రైవర్ పట్టకపోవచ్చు. పదిహేనేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో వేరే డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆ కాగితం లేకపోతే గట్టిగా ఉన్న స్క్రూని కూడా తవ్వి తీయాల్సి రావచ్చు. ఆ కార్డుని పాసుపుస్తకాలు, బ్యాంకు కాగితాలు పెట్టే కవర్లోనే దాచి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.